టోపీవాడి గుర్రం, నా మయస్తీనియా

గుర్రం పరిగెత్తడం మానేసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది.

అవి తొంభైల చివరి రోజులు. నర్సీపట్నంలో బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో మా ఆయన నూకరాజు సినిమా వీడియో కేసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపేవారు. చిన్న గది. గోడల నిండా కేసెట్లు, ముందు కౌంటరు, కౌంటరు పక్కన ఒక పాత కలర్ టీవీ, దానికి తగిలించిన వీడియో గేమ్ సెట్టు. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి, దీపాలు పెట్టే వేళ దాకా కౌంటర్లో నేను కూర్చునేదాన్ని. ఎవరూ రానప్పుడు గేమ్ ఆడేదాన్ని.

ఆ గేమ్ గురించి ముందే చెప్పేస్తాను. ఎందుకంటే ఆ తర్వాత మా ఊళ్లో నా జబ్బు గురించి నోరు విప్పిన ప్రతివాళ్లూ దాని గురించే మాట్లాడారు. అది ఎక్కడో అమెరికా ఎడారిలో జరిగే కథ. పెద్ద టోపీ పెట్టుకున్న ఒకడు గుర్రమెక్కి దొంగల ముఠాను తరుముతుంటాడు. వాడికి మొహం ఉండదు. నాలుగు గోధుమరంగు చుక్కలు, వాటి మీద టోపీ, అంతే. బంగారు గనికి దారి చూపే మ్యాపు చిరిగి ముక్కలై ఒక్కో ఊళ్లో ఒక్కో ముక్క ఉంటుంది. దాన్ని ఎవరు చింపారో, ఎందుకు చింపారో గేమ్ తయారుచేసిన వాళ్లకే తెలిసినట్టు లేదు. ప్రతి స్టేజీ చివరా అదే అమ్మాయిని, అదే దొంగ, అదే తాడుతో రైలు పట్టాలకు కట్టేస్తాడు. వీడు వెళ్లి విప్పుతాడు. తర్వాతి స్టేజీలో ఆవిడ మళ్లీ వెళ్లి కట్టించుకుంటుంది. ఇంత బుర్ర తక్కువ కథ నేనెక్కడా చూడలేదు, అదీ చుట్టూ అన్ని సినిమాలు పెట్టుకుని కూర్చుని.

అయినా ఆడేదాన్ని. బాగా ఆడేదాన్ని. కొయ్యూరు బస్సు కోసం కాచుకునే వాళ్లు మా షాపు ముందు ఆగి చూసేవారు. "ఓలమ్మ, ఆడది గుర్రమెలా తోల్తందో సూడండర్రా!" అనేవాడు ఎవడో ఒకడు. టీవీలో గుర్రం తోలడానికి మీసాలెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

అందులో ఒక స్టేజీ ఉంది. లోయ మీద కర్ర వంతెన వెనక నుంచి తగలబడిపోతుంటుంది, వాడు గుర్రం మీద ముందుకు పోవాలి. గుర్రం పరిగెత్తాలంటే చేతిలో పట్టుకునే రిమోట్ మీద బొటనవేలితో ఒక బటన్ ఆపకుండా టకటకా నొక్కుతూనే ఉండాలి. నొక్కడం తగ్గితే గుర్రం నెమ్మదిస్తుంది, మంట అందుకుంటుంది. ఆ స్టేజీ నాకు మంచినీళ్ల ప్రాయం. ఆ సాయంత్రం మాత్రం వంతెన సగం దాటేసరికి గుర్రం నడకలో పడింది. నేను నొక్కుతున్నాననే అనుకుంటున్నాను. చూస్తే వేలు బటన్ మీద ఊరికే ఆని ఉంది. లేవమంటే లేవడం లేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. టోపీవాడు లోయలో పడ్డాడు.

"రిమోట్ పాడైపోనాదండి" అన్నాను మా ఆయనతో. ఆయన దాన్ని విప్పి, తుడిచి, లోపలి రబ్బరు మార్చారు. మర్నాడు మధ్యాహ్నం కూర్చోగానే గుర్రం రివ్వున దూసుకుపోయింది. సాయంత్రానికి మళ్లీ నడక. రిమోట్ వేడెక్కుతోంది కాబోలు అనుకుని పక్కన పెట్టి ఫ్యాను కింద చల్లార్చేదాన్ని. కాసేపటికి తీసుకుంటే బాగానే పనిచేసేది. చల్లారింది రిమోట్ కాదని, విశ్రాంతి దొరికింది నా వేలికని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

కొన్ని వారాలకు టీవీలో రెండు గుర్రాలు కనిపించాయి. రెండు టోపీలు. పట్టాల మీద ఇద్దరమ్మాయిలు.

"టీవీ పోయిందండి, రెండేసి బొమ్మలు వత్తన్నాయి" అన్నాను.

ఆయన వచ్చి చూశారు. "ఒకటే కదే కనపడతంది? ఏటయింది నీకు?"

ఒక కన్ను మూసుకుంటే ఒకటే కనిపించేది. రెండూ తెరిస్తే రెండు. తర్వాత కుడి కంటి రెప్ప వాలడం మొదలైంది. కేసెట్లు తిరిగిచ్చే వాళ్లు "నిద్దరొస్తందేటమ్మా?" అని నవ్వేవారు. అలా అడిగిన వాళ్లందరికీ నవ్వుతూనే జవాబు చెప్పాను. ఆ నవ్వు కూడా ఎక్కువ కాలం మిగల్లేదు.

ముందు మా ఊళ్లోనే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పొద్దున్నే వెళ్లాం, లైను ఉండదని. ఆయన బోర్డు మీద అక్షరాలు చదివించాడు. చివరి లైను దాకా గడగడా చదివాను. "విజన్ పర్ఫెక్ట్" అన్నాడు. మరి రెండు బొమ్మలెందుకు కనిపిస్తున్నాయని అడిగితే, "టీవీ ఎక్కువ చూస్తావా?" అన్నాడు. మా ఆయన నిజాయితీపరుడు కదా, "వీడియో గేమ్ ఆడతాది సార్" అన్నారు. ఆ డాక్టరు మొహం వెలిగిపోయింది. పరీక్షలో జవాబు తెలిసిన ప్రశ్న వచ్చినట్టు. "అదీ సంగతి! పెళ్లయిన ఆడపిల్లవి, ఆ పిల్లల ఆటలేంటి తల్లీ?" అని చుక్కల మందు రాశాడు. పర్ఫెక్ట్ విజన్‌కి కళ్లద్దాలు కూడా రాశాడు. అవి పెట్టుకుంటే రెండు గుర్రాలూ ఇంకాస్త స్పష్టంగా కనిపించాయి.

మా వీధిలో ఇంజెక్షన్లు చేసే డాక్టరొకాయన ఉండేవాడు. ఏ కాలేజీలో చదివాడో ఎవరూ అడగలేదు. ఆయన నా మణికట్టు పట్టుకుని, "నరాల బలహీనత. ఆ బొమ్మలు గెంతులేత్తుంటే మన నరాలు పీకెత్తాయి" అన్నాడు. నడుముకు బీకాంప్లెక్స్ సూదులు పొడిచాడు. నరాలు పీకేస్తే నాకొక్కదానికే ఎందుకు పీకాయో, షాపులో నాకన్నా ఎక్కువ ఆడే వాళ్లకు ఎందుకు పీకలేదో అడిగాను. "నువ్వు ఎక్కువ ఆలోచిత్తన్నావు. అదే రోగం" అన్నాడు.

ఊరంతా డాక్టర్లయిపోయింది. మూడు ఆటలూ వరసగా చూసి హాల్లోంచి కళ్లు నలుపుకుంటూ వచ్చే పెద్దమనుషులు, పేకాటలో తెల్లవార్లూ కూర్చునే పెద్దమనుషులు, కౌంటరు మీద మోచేతులు ఆనించి మరీ చెప్పేవారు, ఆ గేమ్ మానెయ్యమ్మా అని. సలహా ఇచ్చాక ఎంత తృప్తిగా వెళ్లేవారో! నా రెప్ప మాత్రం అలాగే వాలి ఉండేది.

మా అత్తగారు అప్పయ్యమ్మ మాతోనే ఉండేది. ఆవిడ కొడుకుని కూర్చోబెట్టి తేల్చి చెప్పింది. "ఒరే, ఆ దిక్కుమాలిన పెట్టెని షాపులోంచి బయటికి పంపీ. అది పోతే గానీ దీనికి నయమవదు." మా ఆయన రెండు రోజులు తటపటాయించి, గేమ్ సెట్టు తీసుకెళ్లి మాకవరపాలెంలో ఉన్న వాళ్ల చిన్నాన్నగారి ఇంట్లో పడేసి వచ్చారు. దాని మీద నాకేమీ ప్రేమ లేదు. కాకపోతే ఆ ఊళ్లో నేను నా అంతట నేను నేర్చుకుని అందరికన్నా బాగా చేసే పని అదొక్కటే.

గేమ్ పోయింది. జబ్బు పోలేదు. పైగా పెరిగింది.

నవ్వితే పెదాల చివరలు పైకి లేచేవి కావు. మధ్యలో పళ్లు మాత్రం కనిపించేవి. అద్దంలో చూసుకుంటే కరవబోయే కుక్కలా ఉన్నాను. "నూకరాజు పెళ్లానికి పొగరెక్కింది, పలకరిత్తే మొహం మాడుత్తాది" అని బజార్లో చెప్పుకున్నారు. మధ్యాహ్నం తినే నాలుగు ముద్దలు నమలగలిగేదాన్ని, రాత్రి అన్నం బుగ్గలో అలాగే ఉండిపోయేది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. కాసేపు మాట్లాడితే గొంతు ముక్కులోకి పోయి, మాట ముక్కుతో వచ్చేది. ఇక అప్పుడు నెపం గేమ్ మీద పెట్టడానికి ఎవరికీ వీల్లేకపోయింది. వెంటనే ఇంకో పేరు దొరికింది: నాటకం.

ఎందుకంటే పొద్దున్నపూట నేను బాగుండేదాన్ని. నిద్ర లేవగానే వాకిలి ఊడ్చి, బిందెలతో నీళ్లు మోసి, పిండి రుబ్బేదాన్ని. సాయంత్రానికి చీపురు ఎత్తలేకపోయేదాన్ని.

"పొద్దున్న లేడిపిల్లలా గెంతుతాది, పొద్దు గూకేసరికి మంచమెక్కుతాది. ఇదేం రోగమే? పనిని బట్టి వత్తాదా?" అనేది మా అత్త.

"నాకు తెలీదత్తా."

"నాకు తెలుసులే."

ఈసారి అనకాపల్లిలో పేరున్న ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లవారుజాము బస్సెక్కి, దారంతా నిద్రపోయి, ఓపీ మొదలయ్యే సమయానికి తాజాగా ఆయన ముందు కూర్చున్నాను. చేయి ఎత్తమన్నాడు, ఎత్తాను. నాలుక చాపమన్నాడు, చాపాను. బ్రెయిన్ సీటీ తీయించాడు, నార్మల్. థైరాయిడ్ నార్మల్. కాగితాలు ముందు పెట్టుకుని మా ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను అక్కడ లేనట్టు. "నథింగ్ రాంగ్ విత్ హర్. హిస్టీరియా. షీ వాంట్స్ అటెన్షన్." నేను ఇంటర్మీడియట్ పాసయ్యాను. మా ఆయన పదో తరగతి. నాకే జబ్బూ లేదనీ, అందరూ నన్నే చూడాలని ఇలా చేస్తున్నాననీ, ఆ మూడు ముక్కల్నీ బస్సులో ఆయనకు తెలుగులో చెప్పింది నేనే. చెప్తుంటే గొంతు ముక్కులోకి పోయింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నన్ను నమ్మారో లేదో ఆ రోజు నాకు తెలియలేదు. ఈ జబ్బులో అన్నిటికన్నా కష్టమైన ప్రయాణం ఏదని అడిగితే ఆ బస్సు ప్రయాణమే అంటాను.

ఇంటికొచ్చాక మా అత్త అంది, "డాక్టరే సెప్పీశాడు కదా. కోటవురట్ల పంపీ. పుట్టింట్లో ఉండి బుద్ధి తెచ్చుకుని వత్తాది." మా ఆయన షాపు తాళాలు తీసుకుని వెళ్లిపోయారు. నా బట్టలు సర్దుకోవడానికి బ్యాగు తీసి మంచం మీద పెట్టుకున్నాను. జిప్పు లాగబోతే వేళ్లకు చేతకాలేదు.

ఆ బ్యాగు అలా ఉండగానే ఒక సాయంత్రం షాపులో ఒక్కదాన్నే ఉన్నాను. మా ఆయన రోడ్డుకు అవతల, షాపుకెదురుగా టీ తాగుతున్నారు. నన్నెవరైనా చూస్తున్నారన్న ధ్యాసే నాకు లేదు. కేసెట్ల మీద పేర్లు చదవాలి. ఎడమ చేత్తో కుడి రెప్పను పైకి ఎత్తి పట్టుకుని చదువుతున్నాను. చెయ్యి అలసిపోయి జారింది. తల నిలవక ముందుకు వాలింది. గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని తల నిలబెట్టుకున్నాను. ఎవరికో చూపించాలని కాదు, అలా కూర్చుంటే గానీ ఊపిరి సులువుగా ఆడేది కాదు. ఆయన టీ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చారు.

"వేణీ, ఎన్నాళ్ల నుంచి ఇలాగ?"

"రోజూనే."

"ఎవులూ సూడనప్పుడు కూడా నాటకమాడతారేటి?" అన్నారు. నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. తర్వాత షట్టరు దించేశారు. "రేపు విశాఖపట్నం ఎల్దాం. నరాల డాక్టరు కాడికి. అమ్మకి నేను సెప్తాను."

ఇక్కడి నుంచి చదివేవాళ్లు కొంచెం జాగ్రత్తగా చదవండి. నా వ్యాధి బయటపడింది డాక్టరు తెలివి వల్ల ఎంతో, బస్సు టైరు పేలడం వల్ల అంతే. తెల్లవారుజామునే బయల్దేరాం. తాళ్లపాలెం దగ్గర టైరు పేలింది. స్పేరు టైరులో గాలి లేదు. రోడ్డు పక్కన ఎండలో నిలబడి, ఆగని బస్సులను చూసి చూసి, చివరికి ఏదో లారీ, ఆ తర్వాత ఆటో, దాని తర్వాత ఇంకో బస్సు పట్టుకుని వెళ్లేసరికి ఓపీ అయిపోయింది. నర్సు రేపు రమ్మంది. మా ఆయన ఆవిడను బతిమాలుతుండగా డాక్టరమ్మ బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చారు. పెద్దావిడ, నెరిసిన జుట్టు. నన్నొకసారి చూశారు. నేను తల చేత్తో పట్టుకుని బెంచీ మీద ఉన్నాను. ఆవిడ బ్యాగు నర్సుకు ఇచ్చేసి మళ్లీ లోపలికి వెళ్లారు. "పంపించు" అన్నారు.

"మొట్టమొదట ఏం తేడా కనిపించిందమ్మా?"

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. ఆ మాట చెప్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మళ్లీ అదే పాట.

"చెప్పండి" అన్నారావిడ.

"గేమ్‌లో... వీడియో గేమ్‌లో, తగలబడే వంతెన మీద గుర్రం పరిగెత్తేది కాదండి" అన్నాను, ముక్కుతో. నవ్వుతారనుకున్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"బటన్ నొక్కితే పరిగెడుతుందా?"

"అవునండి. నొక్కుతూనే ఉండాలి."

"మొదట్లో బాగా పరిగెత్తి, తర్వాత నెమ్మదించేదా? కాసేపు ఆపి మళ్లీ ఆడితే?"

"మళ్లీ బాగానే పోయేదండి."

అంతవరకు ఏ డాక్టరూ నన్ను రెండో ప్రశ్న అడగలేదు. ఆవిడ తన వేలు నా చేతిలో పెట్టి, "ఇదే బటన్ అనుకో. నొక్కు" అన్నారు. నొక్కాను. కాసేపట్లో బొటనవేలు ఆగిపోయింది. పైకి చూస్తూ ఉండమన్నారు; చూస్తుండగానే రెండు రెప్పలూ షట్టర్లలా దిగిపోయాయి. గట్టిగా అంకెలు లెక్కపెట్టమన్నారు. ఇరవైల్లోకి వచ్చేసరికి నా మాట నాకే అర్థం కాలేదు. తర్వాత ఒక ఇంజెక్షన్ చేయించారు, నియోస్టిగ్మైన్. బెంచీ మీద కూర్చోమన్నారు.

కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. నోట్లో నీళ్లూరాయి. ఆ తర్వాత, ఎలా చెప్పాలి, నా మొహం నాకు తిరిగి వచ్చింది. రెప్పలు లేచి, గది ఎత్తు పెరిగినట్టయింది. గోడ మీద గడియారం ఒకటే ఉంది. మా ఆయన నా వైపే చూస్తున్నారు. ఆయన్ని చూసి నవ్వాను. పెదాలు పైకి లేచాయి. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, జేబురుమాలు కోసం వెతుక్కున్నారు. ఆయన జేబులో రుమాలు ఎప్పుడూ ఉండదు.

"మయస్తీనియా గ్రేవిస్" అన్నారు డాక్టరమ్మ. "నరం పంపే సిగ్నల్ కండరానికి సరిగ్గా అందడం లేదు. నీ ఒంట్లోని యాంటీబాడీలే దారిలో అడ్డుపడుతున్నాయి. వాడేకొద్దీ అలసిపోతుంది, రెస్ట్ ఇస్తే తేరుకుంటుంది. అందుకే పొద్దున్న బాగుంటావు."

"అయితే గేమ్ వల్ల కాదా మేడమ్?" అన్నారు మా ఆయన.

"కాదు."

"అస్సలు కాదా?"

"గేమ్ ఉండబట్టి అంత త్వరగా బయటపడింది. మీరెవరూ వినిపించుకోలేదు, అంతే" అన్నారావిడ. ఆ రాత్రి హోటల్ గదిలో నేను హాయిగా నిద్రపోయాను. ఇంత పెద్ద జబ్బు పేరు విని అంత సంతోషించిన మనిషి ఉండదేమో.

తర్వాత పరీక్షలు. కరెంటుతో చేతి నరాన్ని మళ్లీ మళ్లీ పొడిచే రిపిటిటివ్ నర్వ్ స్టిమ్యులేషన్ చేశారు; గీతలు ఒకదాని తర్వాత ఒకటి పొట్టిగా అయిపోయాయి. "క్లాసిక్ డిక్రిమెంట్" అని అక్కడున్న కుర్ర డాక్టర్లు సంబరపడ్డారు. ఛాతీ సీటీలో, ఈ జబ్బును ఎగదోసే థైమస్ గ్రంథి పెద్దదై ఉందని తేలింది. ఒంట్లో బలం వచ్చాక ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. పైరిడోస్టిగ్మైన్ మాత్రలు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మాత్ర వేసుకున్న కాసేపటికి ఒళ్లు లేచేది, కొన్ని గంటలకు దిగిపోయేది. కడుపునొప్పి, విరేచనాలు. స్టెరాయిడ్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది. "బాగా ఒళ్లు సేశావే, రోగమంటే నమ్మబుద్ధి కావట్నేదు" అన్నారు మా వీధి వాళ్లు. చిక్కిపోతే నాటకం, ఉబ్బితే సుఖం. ఆ వీధిలో సరిగ్గా జబ్బు పడటం ఎవరివల్లా కాదు.

ఈ జబ్బున్నవాళ్లకు కొన్ని మందులు ఇవ్వకూడదని, ఏ ఇంజెక్షన్ చేయించుకున్నా ముందు జబ్బు పేరు చెప్పాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఆ వానాకాలం నాకు దగ్గు, జ్వరం వచ్చాయి. మా వీధి డాక్టరుకు ఆ మాటే చెప్పాను. "మయ... ఏటీ? నాకు నేర్పకమ్మా. జొరానికి జొరం మందే" అని పొడిచేశాడు. అది ఈ జబ్బున్నవాళ్లకు ఇవ్వకూడని యాంటీబయాటిక్ అని తర్వాత తెలిసింది. మర్నాడు మధ్యాహ్నానికి నా ఉమ్మి నేను మింగలేకపోయాను. ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది, లోపలికి పోవడం లేదు. అరవాలంటే గాలి లేదు.

మా ఆయన విశాఖపట్నానికి జీపు మాట్లాడారు. మా అత్త ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది. దారంతా నా తల తన భుజానికి ఆనించి పట్టుకుంది. కొంగుతో నా నోరు తుడుస్తూ, "నూకాలమ్మా, దీన్ని సూడు తల్లీ, నీకు మేకపోతునిత్తాను" అని మొక్కుకుంటూ, మధ్యలో డ్రైవర్ని "బేగి పోనీరా, ఎడ్లబండేటి ఇది!" అని తిడుతూ. నాటకం అన్న మాట ఆ రోజు ఆవిడ నోట రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"మయస్తీనిక్ క్రైసిస్" అన్నారు. ఊపిరి తీసే కండరాలు కూడా అలసిపోయాయట. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. అది ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే బయట నిలబడే బంధువులకు తెలియదు. రెప్పలు తెరుచుకోవు, చెయ్యి లేవదు, మాట రాదు. కానీ తెలివి మొత్తం ఉంటుంది. అన్నీ వినిపిస్తాయి. చూడ్డానికి వచ్చిన వాళ్లు నేను స్పృహలో లేననుకుని మంచం పక్కనే మాట్లాడుకున్నారు. "చిన్న వయసు, నూకరాజుకి ఇంకో సంబంధం దొరక్కపోదు" అన్నదొక గొంతు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆవిడ ఇప్పటికీ బజార్లో కనిపిస్తే "ఎలా ఉన్నావమ్మా" అని నా చెయ్యి పట్టుకుంటుంది. నేను బాగున్నానని చెప్పి చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

రౌండ్స్‌లో కుర్ర డాక్టరొకడు "పేషెంట్ కాన్షస్ కాదు" అనబోయాడు. డాక్టరమ్మ అతణ్ణి ఆపారు. "షీ కెన్ హియర్ ఎవ్రీథింగ్. మాట జాగ్రత్త." తర్వాత నా అరచేతిలో ఆవిడ వేలు తగిలింది. "వేణీ, వంతెన తగలబడుతోంది. బటన్ నొక్కు" అన్నారు.

నా శక్తి అంతా కూడదీసి నొక్కాను. ఒక్కసారి. బయటికి కదిలిందో లేదో నాకు తెలియదు. "గుడ్" అన్నారావిడ.

ప్లాస్మా ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టారు. రక్తం మిషన్లోకి తీసి, యాంటీబాడీలున్న ద్రవాన్ని వేరుచేసి మళ్లీ ఎక్కిస్తారు. చలికి వణికిపోయేదాన్ని. రోజూ ఆవిడ వచ్చి వేలు పెట్టేవారు. ఒకసారి నొక్కిన దాన్ని రెండుసార్లు నొక్కాను, తర్వాత వరసగా నొక్కాను. మిగతా సమయమంతా చీకట్లో నేను ఆ పిచ్చి గేమే ఆడుకున్నాను. దేవుణ్ణి తలుచుకోలేదా అని అడిగేవాళ్లున్నారు. తలుచుకున్నాను. కానీ భయం మరీ ఎక్కువైనప్పుడు మనసు నిలవడానికి ఆ మొహం లేనివాడే పనికొచ్చాడు. ఏ రాయి దగ్గర దూకాలో, ఏ మలుపు దగ్గర వంగాలో తెలుసు కదా. ఒక రోజు నేను నొక్కుతుంటే డాక్టరమ్మ "చాలు చాలు, నా వేలు విరుగుతుంది" అన్నారు. ఆ వారంలోనే గొట్టం తీశారు.

మరుసటి ఏడాది వేసవిలో థైమెక్టమీ చేశారు. ఛాతీ ఎముక కోసి ఆ థైమస్‌ను తీసేసే ఆపరేషన్. దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. ఫలితం వెంటనే రాదని, నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుందని సర్జన్ ముందే చెప్పారు. అలాగే పట్టింది. మధ్యలో స్టెరాయిడ్ తగ్గించబోతే మళ్లీ రెప్ప వాలింది, మళ్లీ పెంచారు. ఇంకో మందు కలిపారు. ఓపిక పట్టమని చెప్పేవాళ్లకు ఓపిక ఎలా ఉంటుందో తెలియదు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మా ఆయన ఎవరికీ చెప్పకుండా మాకవరపాలెం వెళ్లి గేమ్ సెట్టు వెనక్కి తెచ్చారు. "డాక్టరమ్మ వేలు ఇక్కడ లేదు కదా, దీంతో సూసుకో" అన్నారు. మాత్ర పనిచేస్తోందో లేదో గుర్రమే చెప్పేది. మంచం మీద కూర్చుని ఆడుతుంటే మా అత్త తమలపాకులు నములుతూ పక్కన చేరేది. కొన్నాళ్లు ఊరికే చూసింది. ఒక రోజు ఉండబట్టలేక, పట్టాల మీది అమ్మాయిని చూపించి అడిగింది.

"ఒలే, ఆ గుంటని మళ్లీ కట్టీశాడేటి?"

"అవునత్తా."

"నిన్ననే కదే ఇప్పి పంపావు?"

"మళ్లీ ఎల్లింది."

"దానికి సిగ్గు నేదు" అంది మా అత్త. మొదటిసారి మేమిద్దరం ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాం.

ఆవిడ నాకు క్షమాపణ చెప్పిందేమోనని మీరు ఎదురుచూస్తుంటే, అలాంటిదేమీ జరగలేదు. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ "నేను అప్పుడే మావోడికి సెప్పాను, పెద్ద డాక్టరు కాడికి తీసుకుపోరా అని" అంటుంది. నేను ఎదురు చెప్పను. నన్ను జీపులో పట్టుకున్న భుజం ఆవిడది. కళ్ల డాక్టరు ఇప్పటికీ అందరికీ కళ్లద్దాలు రాస్తున్నాడు. వీధి డాక్టరు నేను ఎదురైతే రోడ్డు దాటి అటు వెళ్తాడు. ఆ మాత్రం పరుగు ఉన్నందుకు సంతోషం.

ఇదంతా జరిగి ఏళ్లయింది. వీడియో కేసెట్ల కాలం పోయింది, మా షాపు ఇప్పుడు ఇంటర్నెట్ సెంటరు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, బాగా తక్కువ. మధ్యాహ్నం ఒక గంట పడుకుంటాను. ఆ గంటలో ఎవరొచ్చినా లేవను. మాకొక పాప. ఈ మధ్య మా ఆయన కంప్యూటర్లో ఒక కొత్త గేమ్ పెట్టారు. మళ్లీ అదే ఎడారి, అదే గుర్రం, అవే చుక్కల బొమ్మలు. పాతదిలా కనిపించాలని కావాలనే అలా చేస్తారట. మొహం పెట్టగలిగి కూడా పెట్టకపోవడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. మొదటి రోజే సగం పూర్తిచేశాను.

చదువుతున్న మీకు ఒక్కటే చెప్తాను. పొద్దున్న ఉండి సాయంత్రం పోయే బలం, విశ్రాంతి తీసుకుంటే తేరుకునే చెయ్యి, రెప్ప, గొంతు మీకుంటే, తెల్లవారుజాము బస్సెక్కి, స్నానం చేసి, తల దువ్వుకుని, తాజాగా డాక్టరు ముందు కూర్చోకండి. ఆయన తాజా మనిషిని చూసి, తాజాగా ఉన్నావని రాసి పంపేస్తాడు. మీ ఒళ్లు ఏ వేళకు చచ్చుబడుతుందో ఆ వేళకు వెళ్లండి. మెట్లెక్కి వెళ్లండి, మాట్లాడుతూ వెళ్లండి, బాగా అలసిపోయి వెళ్లండి. ఓపీ అయిపోయిందంటే బయట బెంచీ మీద కూర్చోండి, లేవకండి. ఎవరో ఒకరు బయటికి వస్తారు. వాళ్లు చూసేసరికి మీ రెప్ప వాలి ఉండాలి.